చెవుల వెనక మసి

"ఏయ్ పెద్దమ్మా, ఎటు జొచ్చుకొస్తున్నవ్? పని కావాల్నంటే ఎనక గేటు కాడ అడగాలె" అంటూ వాచ్‌మన్ యాదయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

పైన వరండాలో దిండు గలీబులు విదిలిస్తున్న చంద్రమ్మ పిట్టగోడ మీది నుంచి తొంగి చూసింది. గేటు ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్లబడిన ఉంగరాల జుట్టు, చామనఛాయ, వెడల్పాటి ముక్కు. పూల చొక్కా, నల్ల పాంటు. చీర కడితే శంషాబాద్ మార్కెట్లో కూరగాయలమ్మే మనిషి అనుకోవచ్చు. చేతిలో మాత్రం చక్రాల పెట్టె ఉంది, కొత్తది, ఖరీదైనది.

ఆ పెట్టె చూడగానే చంద్రమ్మకు భయం పట్టుకుంది. ఎవరిదో ఎత్తుకొచ్చిందేమో. పోలీసులొస్తారేమో. వస్తే ముందు పనివాళ్ళనే కదా అడిగేది. మెట్ల కింద కూర్చుని బొమ్మలు గీసుకుంటున్న కూతురు రేఖ మీదికి పోయింది చూపు. బడికి దసరా సెలవులు. ఇంట్లో ఒక్కదాన్ని వదిలితే రోడ్డు దాటుతుందని, లారీ కింద పడుతుందని, నీళ్ళ డ్రమ్ములోకి వంగి చూస్తుందని, ఎవడో చాక్లెట్ ఇచ్చి తీసుకుపోతాడని వెంట తెచ్చుకుంది. తీరా తెస్తే ఇక్కడ పోలీసులు.

గబగబా మెట్లు దిగింది. దిగుతుండగా ఇంకో ఊహ వచ్చి మనసు కాస్త నిలబడింది. ఆస్ట్రేలియా నుంచి ఒక మేడం వస్తుందని మేనేజర్ శేఖర్ పొద్దున్నే చెప్పాడు. హైటెక్స్ దగ్గర అడవుల గురించీ పంటల గురించీ పెద్ద సదస్సు జరుగుతోంది. దేశదేశాల జనంతో సిటీ హోటళ్ళు నిండిపోయి, విమానాశ్రయం పక్కనున్న వీళ్ళ చిన్న గెస్ట్‌హౌస్ దాకా వచ్చారు. ఈ ముసలామె ఆ మేడం పనిమనిషి అయి ఉంటుంది.

"జరుగు యాదన్నా" అని చంద్రమ్మ పెట్టె పట్టుకుంది. "ఇయ్యి పెద్దమ్మా. మీ మేడం ఏది? కార్ల ఉందా?"

ముసలామె నవ్వి ఇంగ్లీషులో ఏదో అంది కానీ పెట్టె వదల్లేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకొని నిలబడ్డారు.

వెనక కారు డ్రైవరుతో మాట్లాడుతున్న అమ్మాయి పరుగున వచ్చింది. "అయ్యో, ఈవిడే మేడం అండీ! డోరీన్ గారు, ఆస్ట్రేలియా నుంచి. నా పేరు అరుణ. సదస్సు వాళ్ళు ఈవిడకి తోడుగా పంపారు. మాది అత్తాపూర్."

యాదయ్య నాలుక కరుచుకున్నాడు. "ఆస్ట్రేలియా అంటే తెల్లోళ్ళు గద మేడం? టీవీల క్రికెట్ ఆడేటోళ్ళు?"

"ఆ తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. ఆ నేల వీళ్ళదే."

"గట్లనా? మరి వీళ్ళదే అయితే టీముల ఒక్కరు గూడ కనబడరేంది?"

అరుణ ఆ మాట ముసలామెకు చెప్పింది. ముసలామె తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వింది. తను పోయిన ఏ సదస్సులోనూ పెద్దమనుషులెవరూ అడగని ప్రశ్న ఇదని అందట. యాదయ్య మీసం సర్దుకున్నాడు.

చంద్రమ్మ నవ్వలేదు. పనిమనిషి అనుకున్న సంగతి ఆమెకు తెలిసిపోయిందా, మేనేజరుకు చెబుతుందా అన్నదే తొలుస్తోంది.

ఆస్ట్రేలియా గెస్టు కోసమని ముందు గదిని పొద్దున్నుంచి తుడిచింది. దుప్పటి మూలలు మడిచి పరుపు కిందికి నొక్కింది. తెల్ల తువ్వాళ్ళు పరిచి అరచేత్తో ముడతలు తీసింది. శేఖర్ లోపలి నుంచి వచ్చి ముసలామెను కింది నుంచి పైదాకా చూశాడు. చేతిలోని తాళంచెవి కొక్కేనికి తగిలించి ఇంకోటి తీశాడు.

"ముందు రూముల ఏసీ ఖరాబైంది మేడం. వెనక రూం ఇస్తున్న."

ఏసీ నడుస్తోంది. ఇందాకే చంద్రమ్మ దాన్ని వేసి చూసి ఆపింది. వెనక గది జనరేటర్ పక్కన. కరెంటు పోయినప్పుడల్లా గోడ అదురుతుంది. అరుణ ఏదో అనబోతే శేఖర్ చెయ్యి ఊపాడు. ముందు గదిలోని తువ్వాళ్ళు చంద్రమ్మ తీసుకుపోయి వెనక గదిలో పరిచింది. అక్కడ కూడా ముడతలు తీసింది. అంతకంటే ఏం చేయగలదో తోచలేదు.

వెనక్కి తిరిగేసరికి ముసలామె గుమ్మంలో నిలబడి మెట్ల కింద ఉన్న రేఖనే చూస్తోంది. నవ్వడం లేదు. రెప్ప వేయడం లేదు. రేఖ జడలు, వంచిన మెడ, చెప్పులు లేని పాదాలు, ఒక్కొక్కటే చూస్తోంది.

"పాపకి ఎన్నేళ్ళని అడుగుతున్నారు" అంది అరుణ.

"ఏడు నడుస్తుంది" అని చెప్పి చంద్రమ్మ పోయి రేఖకు అడ్డంగా నిలబడింది.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు సక్కుబాయి గడపలో కూర్చుని ఉంది. మామిడిపల్లి అవతల ఒక ట్రస్టు నడిపే పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఫీజు లేదు. ఇంగ్లీషు మీడియం. సెలవులయ్యాక కొందరు కొత్త పిల్లల్ని తీసుకుంటారట. ఆదివారం రేఖను తీసుకుపోయి చూపిద్దామని వారం నుంచి చెబుతోంది. చంద్రమ్మ మొగుడు కొండల్, అక్క మాటకు ఎప్పుడో తలూపాడు.

"పొద్దుగాల గుడ్డు, పాలు. రెండు జతల బట్టలు. నల్ల బూట్లు" అంది సక్కుబాయి. "ఉయ్యాల గూడ ఉంది. ఈడుంటే ఏం జేస్తది నీ బిడ్డ? నీ కొంగు వట్టుకొని గలీబులు మడత వెడ్తది."

"నడిమిట్ల చూడనిస్తరా వదినె?"

"మొదటి ఆర్నెల్లు చూడనియ్యరు. తల్లి కనబడితే పిల్లలు ఏడుస్తరు, అలవాటు కారు."

"ఆర్నెల్లా! జ్వరమొస్తే?"

"దవాఖానకు తీస్కపోతరు."

"సంపుకు మూత ఉంటదా?"

"ఉంటది."

"కుక్కలు?"

"కుక్కలకు గూడ ఇంగ్లీషొచ్చు పోవే! గో అంటే పోతయి" అంది సక్కుబాయి.

కాటేదాన్‌లో పైపుల కంపెనీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న కొండల్ పడీపడీ నవ్వాడు. "నీకు తెల్వదా అక్కా. ఈ ఏర్‌పోర్టు తెరిచిన కొత్తల మమ్మల్ని ఇంట్ల పండనిచ్చిందా? విమానం మీద వడ్తదని మంచాలు బైట ఏయించింది. బైటుంటే మాత్రం పడదా అంటే, ఉరకనీకి అల్కగ ఉంటదన్నది."

చంద్రమ్మకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే బియ్యంలో రాళ్ళు ఏరింది.

"నువ్వుంటవ్ గద వదినె ఆడ" అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "పొద్దుమాపు బిడ్డతోని మాట్లాడ్తుంటవ్."

"నేనేం మాట్లాడ్త! తెలుగు మాట్లాడొద్దన్నరు వడ్డించేకాడ. రైస్, కర్రీ, వాటర్, నో టాకింగ్. గంతే. నాక్కూడ వచ్చేసింది ఇంగ్లీషు."

"నో టాకింగ్!" అని రేఖ అరిచింది. గోడకున్న క్యాలెండరుకు, గ్యాసు బండకు, తండ్రికి అందరికీ వేలు చూపిస్తూ నో టాకింగ్ అంటూ తిరిగింది. కొండల్ నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చంద్రమ్మ చేతిలోని చేట ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియలేదు.

"ఆదివారం పొద్దుగాల తయారుండుండ్రి" అని సక్కుబాయి లేచింది.

ఆ రాత్రి రేఖ దగ్గింది. పొద్దున్నే ఒళ్ళు పట్టి చూస్తే వెచ్చగా లేదు. అయినా చంద్రమ్మకు అనుమానం తీరలేదు. ఆ ముసలామె అలా చూసింది కదా.

*

మర్నాడు కరెంటు కోత. జనరేటర్ మీద గీజర్లు నడవవు. గెస్టుల స్నానాలకు డాబా మీద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, పెద్ద గంజులో నీళ్ళు కాచి బకెట్లతో కిందికి మోయాలి. చంద్రమ్మ పొద్దున్నే కట్టెలు ముట్టించింది. నీళ్ళు కాగేలోపు రేఖను దగ్గరికి లాక్కొని, గంజు పక్కన వేలితో గీకి, ఆ మసిలో ఇంత కొబ్బరినూనె కలిపింది. రోజూ కాటుకతో చిన్న చుక్క పెట్టేది. ఇవాళ రెండు బుగ్గల మీదా, నుదుటి మీదా, కుడి అరికాలికీ రూపాయి బిళ్ళంతేసి పెట్టింది.

"గింత పెద్దగనా? ఎలుగ్గొడ్డు లెక్కున్న" అంది రేఖ.

"నోర్మూసుకో. దిష్టి తగిలితే నువ్వే దగ్గుతవ్."

బకెట్ ముంచుకొని కిందికి పోయి వచ్చేసరికి డాబా మీద ముసలామె ఉంది. తడి తువ్వాలు ఆరేయడానికి వచ్చినట్టుంది, భుజం మీద అలాగే ఉంది. రేఖ ముందు రెండు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ వయసులో అలా కూర్చోవడమే కష్టం. ఆమె కుడిచెయ్యి గంజు అంచుకు రాసి ఉంది, అరచేయంతా నలుపు. ఆ చేత్తో రేఖ బుగ్గ మీది చుక్కను ముఖమంతా పాముతోంది. ముక్కు, గడ్డం, మెడ. చెవి ముందుకు వంచి వెనక కూడా రాసింది. రెండో చెవి వంచింది. చేతులు చకచకా పోతున్నాయి, బడి వేళకు పిల్లను తయారు చేసే తల్లి చేతుల్లా. పెదాలు కదులుతున్నాయి. రేఖ మొదట కిసుక్కున నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఓయమ్మో!" చంద్రమ్మ చేతిలోని బకెట్ కింద పడి దొర్లింది. ఉరికి రేఖను లాక్కొని గుండెకు అదుముకుంది. "నా బిడ్డకేం జేసినవ్? ఏం జదివినవ్? ఓ యాదన్నా!"

ముందు వచ్చింది శేఖర్. వెనకే, సదస్సుకు తీసుకుపోవడానికి వచ్చిన అరుణ, ఆ వెనక యాదయ్య. శేఖర్ నల్లటి పిల్లను చూశాడు, నల్లటి చేతుల్ని చూశాడు.

"గిదేంది మేడం?" అన్నాడు అరుణతో. "మా దగ్గర గిట్లాంటివి నడవయి. నిన్నట్నుంచి చూస్తున్న, ఈమె వాలకం ఏం మంచిగ లేదు. చంద్రమ్మా, బిడ్డకు దెబ్బ తగిలిందా? చెప్పు. ఇప్పుడే రూం ఖాళీ చేయిస్త."

చంద్రమ్మ రేఖ మెడ తడిమింది. చేతులు, వీపు తడిమింది. దెబ్బ లేదు. ఊ అంటే చాలు, ముసలామె పెట్టె గేటు బయట ఉంటుంది. బిడ్డను చూసే ఆ చూపు కూడా పోతుంది.

"జర ఆగుండ్రి సార్" అంది. "ఎందుకు జేసిందో అడగమనుండ్రి."

అరుణ ముసలామె పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. ముసలామె తన చేతుల్ని చూసుకుంటూ చెప్పింది. కొంచెం చెప్పి ఆగింది. మళ్ళీ చెప్పింది. అరుణ వెంటనే తెలుగులోకి తేలేదు.

"వాళ్ళమ్మ చెవుల వెనక మర్చిపోయిందట."

"ఏంది?"

"చిన్నప్పుడు ఈవిడకి కూడా ఇలాగే బొగ్గూ మసీ రాసేదట వాళ్ళమ్మ. ఒళ్ళంతా. దిష్టికి కాదు. వాళ్ళ నాన్న తెల్లవాడు, అందుకని ఈవిడ పుట్టినప్పుడు ఒంటి రంగు లేతగా ఉండేదట. ఆ రోజుల్లో రంగు లేతగా ఉన్న పిల్లల్ని ఏరి తీసుకుపోయేవాళ్ళు. దూరంగా హాస్టళ్ళ లాంటివి ఉండేవి. అక్కడ పెంచి తెల్లవాళ్ళలో కలిపేస్తే వాళ్ళ భాషా, వాళ్ళ పద్ధతులూ వాటంతటవే పోతాయని. అందుకే గుర్రం చప్పుడు వినిపించినా, బండి చప్పుడు వినిపించినా తల్లులు పిల్లలకి మసి పూసి దాచేవాళ్ళట."

"ఎవరు తీస్కపోయేటోళ్ళు? దొంగలా?"

"పోలీసులు. చట్టమే అలా ఉండేది."

లారీలు, సంపులు, కుక్కలు, చాక్లెట్లు ఇచ్చేవాళ్ళు, ఆకాశంలో విమానాలు. ఇన్ని ఊహించే చంద్రమ్మకు ఈ ఊహ ఎన్నడూ రాలేదు.

"పోలీసోళ్ళే ఎత్తుకపోతే" అంది చివరికి, "ఇగ ఎవరికి పోయి చెప్పుకోవాలె?"

అరుణ అది కూడా ముసలామెకు చెప్పింది. ముసలామె తల అడ్డంగా ఊపింది. తర్వాత తన ఎడమ చెవి ముందుకు వంచి, బొటనవేలు నాలుకతో తడిచేసుకొని, చెవి వెనక ఒక్కసారి గట్టిగా రుద్ది చూపించింది. ఆ పోలీసు చేసింది అదేనట. అక్కడ మసి లేదు. తెల్లగా బయటపడింది.

శేఖర్ ఫోను మోగకపోయినా ఫోను చూసుకుంటూ కిందికి దిగిపోయాడు. యాదయ్య దొర్లిన బకెట్ తెచ్చి నిలబెట్టాడు.

చంద్రమ్మ చెంబుతో వేడినీళ్ళు తీసి చన్నీళ్ళు కలిపింది. ముసలామె చేతులు పట్టుకొని, గోళ్ళ సందుల్లో దాకా సబ్బుతో కడిగింది. మసి తొందరగా వదల్లేదు. నురగ నల్లగా కారి డాబా మీద చిన్న కాలువ కట్టింది.

"మ్యాడమ్‌కు చెప్పు బిడ్డా" అంది అరుణతో. "నేను ఒర్లిన. మనసుల పెట్టుకోవద్దను."

"ఆ తల్లి చోట తనున్నా అలాగే అరిచేదాన్నని అంటున్నారు."

*

తర్వాతి రోజుల్లో చంద్రమ్మ వెనక గది చివర్న ఊడ్చేది, మిగతా పనంతా అయ్యాక. అరుణ కారు కోసం ఎదురుచూసే ఆ కాసేపట్లో దుప్పటి మారుస్తూ అడిగేది.

"వాళ్ళమ్మ ఎంబడి వోలేదా?"

పోయిందట. కంచె బయట నిలబడిందట. మూడు రోజులకు తరిమేశారట.

"అన్నం వెట్టిన్రా?"

పెట్టారట. రొట్టె, గంజి. పురుగులుండేవట.

"తల ఎవరు దువ్వేటోళ్ళు?"

ముసలామె ఆ ప్రశ్నకు చాలాసేపు ఆలోచించింది. తనకు గుర్తులేదంది. ఇంతవరకూ ఎవరూ అది అడగలేదంది.

"ఆ తెల్లోళ్ళు ఎవరు? మన దేశానికి వచ్చినోళ్ళేనా? గాంధీ ఎల్లగొట్టిన బ్రిటిషోళ్ళా?"

"వాళ్ళే అక్కా" అంది అరుణ. "ఇక్కడికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. అక్కడికి వచ్చినవాళ్ళు ఉండిపోయారు. మనుషులు కళ్ళ ముందు తిరుగుతున్నా, ఆ నేల ఎవరిదీ కాదని రాసుకున్నారు."

చంద్రమ్మ దుప్పటి మూల మడుస్తూ ఆగింది. "మా ఆయన వాళ్ళ భూమి ఏర్‌పోర్టుల వోయింది. మాకు నోటీసన్న వచ్చింది. నువ్వున్నవని రాసిన్రు, పొమ్మన్నరు. ఉన్నోళ్ళను లేరని ఎట్ల రాస్తరు?"

బయట కారు హారన్ కొట్టింది.

శనివారం సదస్సు అయిపోయింది. సాయంత్రం విమానం. ముసలామె పెట్టె సర్దుకుంటుంటే చంద్రమ్మ చీపురు పట్టుకొని గుమ్మంలోనే నిలబడింది. రేఖ మంచం మీద కూర్చుని ముసలామె కళ్ళజోడు పెట్టుకొని చూస్తోంది. ముసలామె ఇప్పుడు రేఖకు డోరీన్ ఆంటీ. వాళ్ళ దేశంలోనూ పెద్దవాళ్ళను ఆంటీ అనే పిలుస్తారట.

"వాళ్ళమ్మను మళ్ళ చూసిందా?" అని అడిగింది చంద్రమ్మ. ఇన్నాళ్ళూ అడగడానికి భయపడిన ప్రశ్న.

చూసిందట. తనకు ఇరవై ఏళ్ళు దాటాక వెతుక్కుంటూ పోయిందట. రైలు పట్టాల పక్కన రేకుల గుడిసెలో ఉంది తల్లి. కళ్ళు సరిగా కనబడవు. చేతులతో ముఖమంతా తడిమి గుర్తుపట్టింది. పొద్దుగూకే దాకా మాట్లాడింది. ఆపకుండా మాట్లాడింది.

"ఏం మాట్లాడింది?"

డోరీన్ చొక్కా మడతపెడుతూ చెప్పింది. అరుణ నేల చూస్తూ తెలుగులో అంది: "తెలీదట. హాస్టల్లో వాళ్ళ భాష మాట్లాడితే సబ్బుతో నోరు కడిగేవాళ్ళట. అన్ని మాటలూ పోయాయి. నీళ్ళు అన్న మాటొక్కటి అర్థమైందట. లేచి నీళ్ళు తెచ్చిచ్చిందట."

పక్కన జనరేటర్ మొదలై గోడ అదిరింది. చంద్రమ్మ గొంతు పెంచి, ఆ చప్పుడు మీదుగా గబగబా తన సంగతి చెప్పింది. రేపు పోవాల్సిన హాస్టలు, గుడ్డు, పాలు, ఇంగ్లీషు, ఆర్నెల్లు. వదినె మంచిదే. మొగుడు మంచోడే. తనే పిరికిది. అందరూ నవ్వుతారు, నవ్వేటట్టే ఉంటాయి తన భయాలు. "పంపాల్నా వద్దా? ఆమెనే చెప్పమను బిడ్డా. ఆమెకెరుక."

డోరీన్ అంతా విని మంచం అంచున కూర్చుంది.

"తనకి తెలీదంటున్నారు. అది వేరే చోటు, వేరే కాలం. తను చదువుకున్నది కూడా ఆ హాస్టల్లోనే, అదీ నిజమే అంటున్నారు. పంపమనీ చెప్పరట, వద్దనీ చెప్పరట." అరుణ ఆగి, తర్వాతి మాట మళ్ళీ ఒకసారి ఇంగ్లీషులో అడిగి తెలుసుకుంది. "మా అమ్మని ఎవరూ అడగలేదు. నిన్ను అడుగుతున్నారా అని అంటున్నారు."

చంద్రమ్మ ఆలోచించింది. వదినె చెప్పింది. కొండల్ సరేనన్నాడు. ఆదివారం తయారుండమన్నారు.

"లేదు" అంది.

*

మామిడిపల్లి దాకా సెవెన్ సీటర్ ఆటోలో పోయి, అక్కడి నుంచి నడిచారు. కొండల్ తెల్ల చొక్కా వేసుకున్నాడు. రేఖకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది చంద్రమ్మ. దారి పొడుగునా ఏదో ఒక తప్పు కనబడితే బాగుండునని కోరుకుంది. ప్రహరీ కూలి ఉంటే, బావి తెరిచి ఉంటే, ఒక్క పిల్ల ముఖం మీద దెబ్బ ఉంటే చాలు.

ఏమీ లేదు. గేటుకు రంగు వేసి ఉంది. సంపు మీద ఇనుప మూత, దానికి తాళం. వంటగదిలో ఈగ లేదు. సక్కుబాయి తలకు గుడ్డ కట్టుకొని పెద్ద గంటె పట్టుకొని దర్జాగా నిలబడి ఉంది. బయట ఉయ్యాల. రేఖ చెయ్యి విడిపించుకొని పోయి అందులో కూర్చుంది.

పిల్లలు అన్నానికి వరుసలో వచ్చారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా కత్తిరించిన జుట్టు. చేతులు కట్టుకొని ఉన్నారు. చప్పుడు లేదు. గంటె గిన్నెకు తగిలే చప్పుడొక్కటే. వరుస చివర రేఖ వయసు పిల్ల ఒకతి చంద్రమ్మ ముందు ఆగింది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది చంద్రమ్మ.

ఆ పిల్ల ముందు, వరుస పక్కన నిలబడ్డ వార్డెన్ వైపు చూసింది. తర్వాత నిటారుగా నిలబడి, "మై నేమ్ ఈజ్ గ్రేస్" అంది.

"అది కాదు బిడ్డా. మీ ఊరేది?"

"మై నేమ్ ఈజ్ గ్రేస్" అని మళ్ళీ అదే గొంతుతో చెప్పి, పళ్ళెం పట్టుకొని ముందుకు కదిలింది.

వార్డెన్ మేడం నెమ్మదైన మనిషి. కుర్చీలు వేయించి మజ్జిగ ఇప్పించింది. కొండల్ ఉద్యోగం అడిగింది, రేఖకు వచ్చిన జబ్బులు అడిగింది. చంద్రమ్మ సంపు గురించి అడిగితే విసుక్కోకుండా జవాబిచ్చింది. రాత్రిళ్ళు ఎవరు పడుకుంటారో, పాము వస్తే ఏం చేస్తారో అన్నీ చెప్పింది. చంద్రమ్మ దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. ప్రతి భయానికీ ఇక్కడ ఒక మూత ఉంది, దానికో తాళం ఉంది.

"అయితే నాన్నగారు సరేనన్నారు" అంది వార్డెన్. "అమ్మా, మీక్కూడా ఇష్టమే కదా? తల్లి నోటితో కూడా వినడం మా పద్ధతి."

కొండల్ అప్పటికే లేచి నిలబడ్డాడు. గుమ్మంలో సక్కుబాయి కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వుతోంది. తల ఊపితే సరిపోతుంది. ఇలాంటి చోట్ల చంద్రమ్మ ఎప్పుడూ తల ఊపేది.

"ఇష్టం లేదు" అంది.

సక్కుబాయి చేతులు తుడుచుకోవడం ఆగింది. కొండల్ మళ్ళీ కూర్చున్నాడు.

"ఏం నచ్చలేదమ్మా? చెప్పండి, ఏదైనా లోపం ఉంటే సరిచేస్తాం."

"ఏం లేదు మేడం. అన్నీ మంచిగనే ఉన్నయి."

"మరి?"

"మీరు అడిగిన్రు గద. చెప్పిన" అంది చంద్రమ్మ. గ్లాసు వంగి మజ్జిగ ఒళ్ళో ఒలికింది. అది తుడుచుకుంటూనే అంది, "ఆర్నెల్లు నేను ఉండలేను. బిడ్డ నాతోని మాట్లాడకుంట ఉండుడు నాకు ఇష్టం లేదు."

వార్డెన్ కాసేపు చూసి, ఆలోచించుకొని రమ్మంది. సక్కుబాయి వంటగదిలోకి పోయింది.

బస్‌స్టాపు దాకా కొండల్ ముందు నడిచాడు. అక్కడ నీడలేదు. పహాడీషరీఫ్ వైపు నుంచి బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు.

"మా అక్క ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. "రేపట్నుంచి పోరిని యాడ వెడ్తవ్? గలీబుల్ల కుడ్తవా?"

"ఎరుక లేదు."

"అందరి పిల్లలు ఇంగ్లీషు మాట్లాడ్తుంటే రేపు పెద్దయినంక నిన్నే అడుగుతది. ఏం జెప్తవ్?"

"ఎరుక లేదయ్యా."

నిజంగానే ఎరుక లేదు. అడుగుతుందేమో. తిడుతుందేమో. ఇంగ్లీషు రాక ఏ గెస్ట్‌హౌస్‌లోనో తువ్వాళ్ళు పరుస్తుందేమో. భయం పోలేదు, పొద్దుటికంటే ఎక్కువైంది. ఈసారి దాన్ని తీసుకుపోయి ఎవరి మీదా పెట్టడానికి లేదు.

రేఖ ఇంతదాకా వెక్కుతోంది. ఇప్పుడు రిబ్బన్ పీకి రోడ్డు మీద పారేసి తల్లి మీదికి తిరిగింది. "ఉయ్యాల ఉంది ఆడ! బూట్లిస్తరు! నువ్వే వద్దన్నవ్! నువ్వెప్పుడు గింతే! ఏమన్నంటే భయమంటవ్! నువ్వు మంచి అమ్మవు కాదు, దొంగమొకందానివి, పిసినారిదానివి, రేపట్నుంచి నీతోని మాట్లాడనే మాట్లాడ!" అంటూ తొడ మీద పిడికిళ్ళతో గుద్దింది. ఇంటి పక్కవాళ్ళ దగ్గరా, నాయనమ్మ దగ్గరా, నల్లా దగ్గరా ఎక్కడెక్కడ నేర్చుకుందో, ఒక్కో తిట్టూ వెతికి వెతికి తీసి విసురుతోంది.

"కొట్టు దాన్ని" అన్నాడు కొండల్.

చంద్రమ్మ కొట్టలేదు. బస్సు రాలేదు. రేఖ తిడుతూనే ఉంది. ఒక విమానం వాళ్ళ తలల మీదుగా కిందికి దిగుతూ పోయింది. ఆ హోరులో ఒకటి రెండు మాటలు వినబడకుండా పోతే, చంద్రమ్మ వంగి చెవి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది.